డిజిటల్ ప్రభుత్వ సేవల డిజైన్‌పై పరిశోధనలు ఏం తేల్చాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రామ, వార్డు సచివాలయాల్లో, మీసేవ కేంద్రాల్లో, శాఖల ఐటీ విభాగాల్లో పనిచేసేవారికి, డిజైన్, పబ్లిక్ పాలసీ చదివే విద్యార్థులకు, పింఛన్లు, రేషన్ సమస్యలపై జనంతో కలిసి తిరిగే సంఘాలకు ఉపయోగపడేలా ఈ పేజీ రాశాం. గత పదిహేనేళ్ల పరిశోధనల్లో మాకు అన్నిటికంటే బలంగా కనిపించే విషయం ఒకటుంది. వేలిముద్ర పడనప్పుడు, రికార్డులో పేరు తప్పు పడినప్పుడు, చేతిలో ఫోన్ లేనప్పుడు మనిషికి మరో దారి ఉందా లేదా అన్నదాని మీదే సేవ మంచిచెడ్డలు తేలుతున్నాయి. కింది జవాబుల్లో చాలావరకు అక్కడికే వస్తాయి.

డిజైన్ అంటే రంగులు, బటన్లే కదా, దానికీ పాలసీకీ ఏం సంబంధం?

దరఖాస్తులో ఏ గడి తప్పనిసరి, ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చు, తిరస్కరిస్తే కారణం ఎవరికి కనిపిస్తుంది, ఆ తిరస్కరణను మార్చే అధికారం ఎవరి లాగిన్‌లో ఉంటుంది: ఇవన్నీ డిజైన్ నిర్ణయాలే. జీవోలో "అర్హులందరికీ" అని రాసి ఉన్నా, స్క్రీన్ మీద ఆధార్ గడి నింపకపోతే ముందుకు కదలదనుకోండి, అమల్లో ఉన్న పాలసీ ఆ గడే.

ఈ రంగంలో గట్టి రుజువున్న అధ్యయనం ఏది?

మన దగ్గర జరిగినదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్ల చెల్లింపుకు స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ 8 జిల్లాల్లో దాన్ని పరీక్షించారు. ఏ మండలంలో ముందు మొదలుపెట్టాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. 112 మండలాల్లో ముందుగా అమలైంది. 45 మండలాలను పోల్చి చూడటానికి చివరికి ఉంచారు. ఈ 157 మండలాల్లో 1.9 కోట్ల జనాభా ఉంది. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి.

కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గింది. చెల్లింపు ఆలస్యం కూడా తగ్గింది. ఉపాధి హామీలో మధ్యలో మాయమయ్యే సొమ్ము, పోల్చి చూసిన మండలాలతో లెక్కిస్తే దాదాపు 41 శాతం తగ్గింది. పాత పద్ధతి కంటే ఇదే మేలని లబ్ధిదారుల్లో అత్యధికులు చెప్పారు.

ఈ ఫలితాన్ని చాలామంది "బయోమెట్రిక్ పెడితే అవినీతి పోతుంది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అక్కడ ఇంకో రెండు పనులు జరిగాయి. మొదటిది, అంతకుముందు పోస్టాఫీసు దాకా వెళ్లాల్సిన డబ్బును ఊళ్లోనే పంచడం. పంచే మనిషి అదే ఊరి మహిళ, స్వయం సహాయక సంఘ సభ్యురాలు అయి ఉండాలని, గ్రామ అధికారులకు బంధువు కాకూడదని నియమం పెట్టారు. రెండోది, కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లింపు ఆపలేదు. రెండేళ్ల తర్వాత కూడా ఆ మండలాల్లో దాదాపు సగం చెల్లింపులే కార్డు ద్వారా జరిగాయి. అమలు పూర్తికాలేదని దీన్ని లోపంగా లెక్కేయవచ్చు. కానీ ఎవరూ పథకానికి దూరం కాకపోవడానికి ఈ సడలింపు కూడా ఒక కారణమని మేం నమ్ముతాం.

మరి అదే వేలిముద్ర ఝార్ఖండ్‌లో ఎందుకు వేరే ఫలితం ఇచ్చింది?

అదే పరిశోధకులు ఝార్ఖండ్‌లో దాదాపు 1.5 కోట్ల మంది రేషన్ లబ్ధిదారులు ఉన్న ప్రాంతాల్లో ఇదే తీరు ప్రయోగం చేశారు. వేలిముద్ర వేస్తేనే సరుకు అన్న నిబంధన ఒక్కటే అవినీతిని తగ్గించలేదు. రేషన్ తెచ్చుకునే ఖర్చు, శ్రమ కొంచెం పెరిగాయి. అప్పటికి కార్డుకు ఆధార్ అనుసంధానం కాని కుటుంబాలకు అందే సరుకు సగటున 10 శాతం పడిపోయింది.

తర్వాత ఇంకో మెట్టు ఎక్కారు. రేషన్ దుకాణంలో వేలిముద్ర తీసుకునే ఈ-పోస్ మిషన్ లెక్క ప్రకారం డీలర్ దగ్గర ఇంత మిగిలి ఉండాలి కాబట్టి వచ్చే నెల కోటాలో అంత కోత పెడతామన్నారు. కాగితం మీద మిగిలిన సరుకు చాలా దుకాణాల్లో నిజంగా లేదు. ఎప్పటి బకాయిలనో ఒక్కసారిగా డీలర్ నెత్తిన వేశారు. ప్రభుత్వం విడుదల చేసే సరుకు తగ్గింది, దొంగతనమూ తగ్గింది. కానీ ఆ తగ్గుదలలో ఐదో వంతుకు పైగా జనానికి అందాల్సిన సరుకే. పాత లెక్కను సున్నా చేసి కొత్త నెల నుంచి మొదలుపెట్టి ఉంటే ఈ నష్టంలో చాలాభాగం తప్పేది.

ఆంధ్రలో పరికరం మనిషికి దగ్గరగా వచ్చింది, పాత దారి తెరిచే ఉంది. ఝార్ఖండ్‌లో సరుకు ఇచ్చేది అదే డీలర్, అదే దుకాణం. మారింది గడప దగ్గరి తాళం ఒక్కటే.

వేలిముద్ర పడకపోతే ఏ వరసలో ఏం చేయాలి?

ముందుగా వైఫల్యం ఏ రకమో విడదీయాలి. ఆధార్ ధ్రువీకరణలో ఎర్రర్ కోడ్ 300 వస్తే వేలిముద్ర సరిపోలలేదని అర్థం. 330 వస్తే కార్డుదారు బయోమెట్రిక్‌ను లాక్ చేసుకున్నారు. 100 వస్తే పేరు, పుట్టిన తేదీ లాంటి వివరాలు కుదరలేదు. నెట్‌వర్క్ లేకపోవడం, సర్వర్ డౌన్ కావడం వేరే సంగతి. ఈ-పోస్ మిషన్ ముందు నిలబడిన మనిషికి మాత్రం ఇవన్నీ "వేలిముద్ర పడట్లేదు" అన్న ఒక్క మాటగానే చేరుతాయి. అందుకే లాక్ తీస్తే సరిపోయే మనిషి కూడా ఆధార్ కేంద్రం చుట్టూ తిరుగుతాడు.

300 వస్తే సెన్సార్ అద్దం తుడవాలి, వేళ్లు కడిగి కొద్దిగా తడి ఉండగా వేయించాలి, వేరే వేలు ప్రయత్నించాలి. సిమెంటు, ఇటుక, మిరప పనులు చేసేవారికి, వృద్ధులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. వాళ్లకు బొటనవేలి కంటే వేరే వేలు బాగా పడొచ్చు. మూడు ప్రయత్నాలతో ఆపి ఐరిస్‌కో (కంటిపాప గుర్తింపు), ముఖ గుర్తింపుకో, ఓటీపీకో వెళ్లాలి. అవీ కుదరకపోతే కార్డు చూసి, రిజిస్టర్‌లో సంతకమో నిశానీయో తీసుకుని, అదే రోజు సరుకు ఇవ్వాలి. ఆధార్ లేదనో, బయోమెట్రిక్ విఫలమైందనో అర్హులకు రేషన్ నిరాకరించవద్దని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది.

ఈ చివరి మెట్టు కాగితం మీద ఉండి పనిలో లేకపోవడానికి మామూలు కారణం డీలర్ భయం. రిజిస్టర్‌లో రాసిన ప్రతి పేరుకూ సంజాయిషీ అడిగితే డీలర్ రాయడు, "రేపు రండి" అంటాడు. ఎంట్రీలన్నిటినీ అనుమానించే బదులు వాటిలో కొన్నిటిని లాటరీగా ఎంచి ఇంటికి వెళ్లి చూస్తే చాలు. వరసగా రెండు నెలలు ఒకే పేరు వస్తే ఆ మనిషికి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించే బాధ్యత సచివాలయానికి పడాలి, ఆ మనిషికి కాదు. పిల్లల విషయంలో 5, 15 ఏళ్లకు అప్‌డేట్ తప్పనిసరి. హాస్టల్, స్కాలర్‌షిప్ ఫెయిల్యూర్లలో ముందు చూడాల్సింది ఇదే.

అనర్హుల ఏరివేతను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించవచ్చా?

అనుమానాస్పదమైన పేర్లు చూపించడం వరకు అప్పగించవచ్చు. కార్డు రద్దు చేసే అధికారం ఇవ్వకూడదు.

తెలంగాణలో వాహన రిజిస్ట్రేషన్, ఆస్తి, విద్యుత్ వంటి రకరకాల రికార్డులను కలిపి కుటుంబ చిత్రం తయారుచేసే సమగ్ర వేదిక అనే వ్యవస్థను అర్హత నిర్ధారణకు వాడారు. దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల రద్దుపై కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. ఇలాంటి వ్యవస్థలో తప్పు పుట్టే ముఖ్యమైన చోటు ఒకటుంది: ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా కలపడం. ఎవరిదో కారు ఇంకెవరి ఇంటికో చేరుతుంది. కుటుంబానికి నోటీసు ముందు రాదు, సరుకు ఆగాకే తెలుస్తుంది.

ఆస్ట్రేలియాలో 2015 నుంచి 2019 దాకా నడిచిన రోబోడెట్ పథకం వేరే రకం తప్పు చేసింది. ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచి, ఆ సగటును ప్రతి పక్షం అసలు ఆదాయంగా లెక్కగట్టి, "మీకు భృతి ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టండి" అని నోటీసులు పంపింది. ఆరు నెలలు పని దొరికి ఆరు నెలలు ఖాళీగా ఉన్న మనిషికి ఆ లెక్క పొసగదు. తప్పని నిరూపించుకునే భారం కూడా వాళ్ల మీదే వేశారు. 2023 జూలైలో రాయల్ కమిషన్ విచారణ నివేదిక ఈ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భృతి విషయంలో వేల కుటుంబాలపై మోసం ముద్ర వేసిన వ్యవహారంలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది.

మీ శాఖలో ఇలాంటిది పెడుతుంటే నాలుగు షరతులు రాతపూర్వకంగా ఉంచండి. రద్దుకు ముందు నోటీసు, అందులో ఏ రికార్డు ఆధారంగా అన్న వివరం. జవాబుకు కనీసం 30 రోజులు. ఆ గడువులో సరుకు ఆగకూడదు. రద్దు ఉత్తర్వు మీద పేరున్న అధికారి సంతకం.

తెలుగు పేర్లు ఎందుకు ఇంతగా కుదరవు?

పేరు గడులు మన పేర్ల కోసం తయారు కాలేదు. మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఒక కార్డులో అది పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి పేరు, మూడోదాంట్లో చివర. పెళ్లయ్యాక కొందరికి మారుతుంది, కొందరికి మారదు. వెంకటలక్ష్మి అన్న పేరును ఇంగ్లిష్‌లో ఒకచోట ఒక మాటగా, ఇంకోచోట రెండు మాటలుగా, ఒకచోట ఎక్స్‌తో, మరోచోట కేఎస్‌హెచ్‌తో రాస్తారు. తెలుగులో రాసినా ఎల్లయ్య, యెల్లయ్య ఉన్నాయి. టైపింగ్‌లో వచ్చే కంటికి కనపడని విభజన గుర్తు ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే, చూడటానికి ఒకటే అయిన రెండు పేర్లు కంప్యూటర్‌కు వేరు.

పోల్చే ముందు కనపడని గుర్తులు, చుక్కలు, ఖాళీలు తీసేయండి. పేరును ముక్కలు చేసి వరస పట్టించుకోకుండా పోల్చండి. పొడి అక్షరం పూర్తి ఇంటిపేరుతో కుదిరినట్టే లెక్కేయండి. రెండు పేర్లు ఎంత కుదిరాయో చూపే స్కోరుకు ఒక్క గీత గీయకుండా రెండు గీతలు గీయండి: పై గీత దాటితే ఆమోదం, కింది గీతకు తక్కువైతే వేరే మనిషి, మధ్యలోవన్నీ మనిషి చూడాలి. మధ్య వాటిని ఆటోమేటిక్‌గా తిరస్కరించడమే మనం చూసే చాలా కష్టాలకు మూలం.

తెలుగు ఎస్సెమ్మెస్ మధ్యలో ఎందుకు తెగిపోతుంది, ఖర్చెందుకు ఎక్కువ?

ఇంగ్లిష్ సందేశంలో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. అంతకు మించితే ముక్కలవుతుంది, ఒక్కో ముక్కలో 67. లెక్క మనం పలికే అక్షరాలతో కాదు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి. "లక్ష్మి" చూడటానికి రెండు అక్షరాలు, లెక్కలో ఏడు. "మీ రేషన్ కార్డు దరఖాస్తు అందింది" అన్న అయిదు మాటలకే 32 అయిపోతాయి. కాబట్టి మొదటి 70లోనే అసలు సంగతి ఉండాలి: ఏం జరిగింది, ఏం చేయాలి, ఎప్పటిలోగా. "గౌరవనీయులైన లబ్ధిదారునికి" అని మొదలుపెడితే మూడో వంతుకు పైగా జాగా అక్కడే పోతుంది.

తెలుగు స్క్రీన్ల విషయంలో మామూలుగా జరిగే తప్పులు?

ఇంగ్లిష్ కొలతలకు కట్టిన బటన్‌లో వత్తులు కింద తెగిపోతాయి. పరీక్షకు "స్త్రీ", "లక్ష్మి" టైపు చేసి చూడండి. పంక్తి ఎత్తు అక్షర పరిమాణానికి 1.6 రెట్లకు తగ్గనీయకండి. పాత అను ఫాంట్లలో టైపు చేసిన జీవోలు, జాబితాలు యూనికోడ్‌లోకి మార్చకుండా పెడితే వెతుకులాటకు దొరకవు, స్క్రీన్ రీడర్ చదవలేదు.

అందరికీ ఫోన్ ఉంది కదా, వాట్సాప్‌లో ఇస్తే సరిపోదా?

ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో మొదలుపెట్టింది. కొత్త యాప్ దింపుకోనక్కర్లేకుండా జనం రోజూ వాడేదాంట్లోకే సేవ రావడం మంచి డిజైన్. కానీ 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడామన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతమే. ఆ తర్వాత సంఖ్య పెరిగే ఉంటుంది. అయినా ఫోన్ ఇంట్లో ఉండటం వేరు, అది ఆమె చేతిలో ఉండటం వేరు. ఓటీపీ కొడుకు ఫోన్‌కు వస్తే, వితంతు పింఛన్ వివరాలూ అతని చేతికే వెళ్తాయి.

ఇంకో చిక్కు: వాడకం ఆగిన నంబరును కంపెనీలు 90 రోజుల గడువు తర్వాత వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. పాత నంబరుకే ఆధార్ అనుసంధానమై ఉంటే ఓటీపీ ఎవరో తెలియని మనిషికి పోతుంది. నంబరు మార్చుకునే పనికి ఆ పాత నంబరు ఓటీపీనే అడిగే ఫారాలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. సచివాలయం కౌంటర్ దారిని మూసేయకూడదనడానికి ఇది చాలు.

కొత్త సేవను ఎంతమందితో వాడించి పరీక్షిస్తే చాలు?

అయిదుగురన్నది ప్రసిద్ధమైన లెక్క. ఒక లోపం ఒక్కో మనిషికి ఎదురయ్యే అవకాశం 31 శాతమనుకుంటే అయిదుగురిలో 84 శాతం లోపాలు బయటపడతాయి. అదే అవకాశం 10 శాతమైతే అయిదుగురితో బయటపడేవి 41 శాతమే. ప్రభుత్వ సేవల్లో ప్రాణం తీసే లోపాలు ఈ రెండో రకం. అందుకే అయిదుగురిని ఒకసారి కాకుండా, ఒక్కో గుంపు నుంచి అయిదుగురిని తీసుకోండి: చదువు రానివారు, కీప్యాడ్ ఫోన్ ఉన్నవారు, చూపు లేనివారు, కౌలు రైతులు, దరఖాస్తు నింపే ఆపరేటర్లు. ఆపరేటర్లను చాలామంది మరచిపోతారు. ఫారాన్ని రోజుకు యాభైసార్లు నింపేది వాళ్లే, ఏ గడిలో తప్పుడు సమాచారం పెడితే పని కదులుతుందో వాళ్లకే తెలుసు.

వికలాంగుల విషయంలో చట్టం ఏమంటోంది?

2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీ (గుర్తింపు నిర్ధారణ) ప్రక్రియపై 20 ఆదేశాలిచ్చింది. ముఖ గుర్తింపులో కళ్లార్పమని అడిగితే యాసిడ్ దాడి బాధితులు ఆర్పలేకపోవచ్చు, ఆ కేసు అక్కడినుంచే వచ్చింది. కొలతల్లో కనీసం ఇవి చూడండి: మామూలు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య తేడా 4.5కు 1, నొక్కే చోటు 24 పిక్సెళ్లకు తగ్గకుండా ఉండటం, సమయం అయిపోయే ముందు హెచ్చరిక.

ధరణి నుంచి డిజైనర్లు ఏం నేర్చుకోవాలి?

సరిదిద్దే దారిని మొదటి రోజే కట్టాలని. 2020 అక్టోబరు 29న తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. అదే ఏడాది చట్టంతో రెవెన్యూ కోర్టులు పోయాయి. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే చోట, ఒకే రోజు జరగడం నిజంగా మంచి మార్పు. కానీ విస్తీర్ణం తప్పు పడినవారికి, భూమి పొరపాటున రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఏ నిషేధిత జాబితాలో చేరినవారికి దగ్గర్లో అప్పీలు చేసుకునే చోటు లేకుండా పోయింది. ఏ తప్పుకు ఏ మాడ్యూల్‌లో దరఖాస్తు పెట్టాలో రైతే తేల్చుకోవాలి, తప్పు మాడ్యూల్ ఎంచితే తిరస్కరణ. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో వచ్చిన భూభారతి అప్పీళ్లను తిరిగి తెచ్చింది. కొత్త వ్యవస్థ కట్టేవారికి మా సలహా: "నా సమస్య ఇది" అని ఒక్కటే దరఖాస్తు ఉంచండి, ఏ విభాగానికి పోవాలో లోపలివాళ్లు తేల్చాలి.

తక్కువ ఖర్చుతో అమలు మెరుగుపరిచే పద్ధతి ఏదైనా రుజువైందా?

అయింది, అదీ తెలంగాణలోనే. 2018లో రైతుబంధు చెక్కుల పంపిణీ సమయంలో లాటరీగా ఎంచిన మండలాల వ్యవసాయాధికారులకు ఒక్క మాట చెప్పారు: రైతులకు ఫోన్ చేసి మీ పనితీరు కొలుస్తాం అని. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి 100 రూపాయలకు అయిన ఖర్చు 4 రూపాయల లోపే. ఫోన్ చేసేటప్పుడు "సంతృప్తిగా ఉన్నారా?" అని అడగకండి. "చెక్కు వచ్చిందా? ఏ రోజు? ఎవరికైనా డబ్బిచ్చారా?" అని అడగండి.

డ్యాష్‌బోర్డు 98 శాతం విజయం చూపిస్తుంటే జనం ఫిర్యాదులు ఎందుకు?

కింద ఏ సంఖ్యతో భాగిస్తున్నారో చూడండి. ఎక్కువసార్లు అది లావాదేవీల సంఖ్య అయి ఉంటుంది. మూడో ప్రయత్నంలో పడినవాళ్లు విజయం కిందికే వస్తారు, రెండుసార్లు తిరిగి కూలి పోగొట్టుకున్న సంగతి ఎక్కడా ఉండదు. అసలు దుకాణానికి రావడమే మానేసినవాళ్లు లెక్కలోనే లేరు. కార్డుల మొత్తం సంఖ్యతో భాగించి, "ఈ నెల సరుకు తీసుకోని కుటుంబాలు" అన్న అంకెను రోజూ పైన పెట్టండి. అందులో వరసగా మూడు నెలలు తీసుకోని వారి ఇళ్లకు వెళ్లండి.

మాటతో పనిచేసే ఏఐ సేవలకు మనం సిద్ధంగా ఉన్నామా?

2022 జూలైలో కేంద్రం భారతీయ భాషల ఏఐ వేదిక భాషిణిని మొదలుపెట్టాక తెలుగు గొంతును గుర్తించే పరికరాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. చదవడం రానివారికి ఇది పెద్ద ఆశ. పరీక్షించేటప్పుడు మాత్రం వార్తలు చదివే తెలుగుతో పరీక్షించకండి. శ్రీకాకుళం, అనంతపురం, ఆదిలాబాద్ మాటతీరు, పక్కన ట్రాక్టర్ మోత, పళ్లు లేని పెద్దవాళ్ల ఉచ్చారణ ఉండాలి.

అన్నిటికంటే జాగ్రత్త సర్వే నంబర్ల దగ్గర. తెలంగాణలో ఉపవిభాగాలకు తెలుగు అక్షరాలే వాడతారు. 123/అ ఒకరి భూమి, 123/ఆ ఇంకొకరిది. ఫోన్‌లో ఆ రెండిటి మధ్య తేడా ఒక్క దీర్ఘం, యంత్రం దాన్ని సులువుగా జారవిడుస్తుంది. విన్న నంబరును వెంటనే పట్టాదారు పేరుతో, విస్తీర్ణంతో కలిపి తిరిగి చదివి వినిపించాలి: "పట్టాదారు ఫలానా, రెండెకరాల పది గుంటలు, ఇదేనా?" రైతు అవునన్నాకే ముందుకు కదలాలి. కాదంటే రెండోసారి అడిగి, అప్పటికీ తేలకపోతే మనిషికి కలపాలి.

విద్యార్థులుగా మేం చిన్న స్థాయిలో అధ్యయనం చేయాలంటే?

ఒక సేవ, ఒక మండలం తీసుకోండి. శాఖ నుంచి రాతపూర్వక అనుమతి, పాల్గొనేవారి నుంచి తెలుగులో చదివి వినిపించి తీసుకున్న సమ్మతి ఉండాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్య బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. సమ్మతి నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు ఇవ్వాలన్నది ఆ చట్టంలో ఉంది. ఇప్పటినుంచే పాటించండి. ఆధార్ నంబరు రాసుకోకండి, ఫొటో తీసుకోకండి, మీ సొంత వరస నంబరు ఇవ్వండి.

కొత్త మార్పు ఎలాగూ విడతలుగానే వస్తుంది. ఏ సచివాలయం ముందు అన్నది లాటరీగా తీయమని అధికారిని అడగండి. దీనికి అదనపు ఖర్చు లేదు, పోలికకు మంచి ఆధారం దొరుకుతుంది. ముందు రెండు రోజులు కౌంటర్ పక్కన కూర్చుని ఒక్కో దరఖాస్తుకు పట్టిన సమయం, వెనక్కి పంపిన కారణం, మనిషి అన్న మాట రాసుకోండి. ప్రశ్నావళి ఆ తర్వాతే తయారుచేయండి. నెల మొదటి వారంలో రేషన్, పింఛన్ల రద్దీ ఉంటుంది, నాలుగో వారంలో ఖాళీ. రెండూ చూడకుండా సగటు వేయకండి. ఫలితాల్ని ఇంగ్లిష్ రిపోర్టుతో పాటు రెండు పేజీల తెలుగులో రాసి అదే సచివాలయంలో చదివి వినిపించండి, మీ లెక్కల్లో పొరపాటుంటే అక్కడ డిజిటల్ అసిస్టెంట్‌గా పనిచేసే ఉద్యోగే మొదట పట్టుకుంటారు.